డిపో బియ్యం, సవరించిన వరి, బంగారు బియ్యం: మూడూ ఒకటేనా?

రేషన్ డిపో నుంచి తెచ్చిన బియ్యాన్ని చేటలో పోసి చూస్తే, అక్కడక్కడా తక్కిన వాటి కన్నా కాస్త వేరుగా, నునుపుగా ఉన్న గింజలు కనిపిస్తాయి. నీళ్లలో వేస్తే కొన్ని తేలతాయి కూడా. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో వాటిని ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేస్తున్నారు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ రెండు జన్యు సవరణ వరి రకాలను విడుదల చేశాక, డిపోల్లో ఇచ్చేది జీన్స్ మార్చిన బియ్యమేనన్న టెన్షన్ కూడా దీనికి తోడైంది. ఇక విటమిన్ ఎ ఉండే పసుపు బియ్యం ఫొటోలు వాట్సాప్‌లో ఎప్పటి నుంచో తిరుగుతూనే ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల, ఆ పసుపు బియ్యంలోని విటమిన్ పిల్లల పళ్లెం దాకా ఎంత చేరుతుందన్న అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదు.

మూడు రకాల బియ్యం

మొదటిది డిపోలో ఇచ్చేది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, ముద్ద చేసి, యంత్రంలో వత్తి మళ్లీ బియ్యం గింజ ఆకారంలో కత్తిరిస్తారు. అలాంటి గింజలను మామూలు బియ్యంలో సుమారు వందకు ఒకటి చొప్పున కలుపుతారు. చేటలో వేరుగా కనిపించేవి ఇవే. పిండితో తయారైనవి కాబట్టి బరువులోనూ నునుపులోనూ తేడా ఉంటుంది, తేలడానికీ కారణం అదే. వీటిలో మార్చిన జన్యువేమీ లేదు. ఉమ్మడి విజయనగరం జిల్లాకు ఇది మరీ కొత్తది కూడా కాదు. దేశమంతటా అమలు చేయకముందు కేంద్రం చేపట్టిన ప్రయోగ పథకానికి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైంది ఆ జిల్లానే. గమనించాల్సింది ఏమిటంటే, ఈ గింజల్లో తప్పనిసరిగా ఉండాల్సినవి పైన చెప్పిన మూడే. వాటి లక్ష్యం రక్తహీనత. విటమిన్ ఎ కలపడం తయారీదారు ఇష్టానికి వదిలేశారు, రేషన్ బియ్యంలో మామూలుగా అది కలపరు.

రెండోది 2025లో విడుదలైన జోడీ. ఒకటి సాంబ మసూరి (బీపీటీ 5204) నుంచి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారు చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, దీన్నే కమల అంటున్నారు. రెండోది ఎంటీయూ 1010 నుంచి, అంటే మన కాటన్‌దొర సన్నాల నుంచి, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారు చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. బయటి జీవి నుంచి జన్యువు తెచ్చి పెట్టకుండా, వరిలో ముందే ఉన్న జన్యువును ఒకచోట కత్తిరించి దాని పని మార్చారు. కమల ఎక్కువ గింజ కోసం, త్వరగా కోతకు రావడం కోసం. రెండోది ఉప్పు నేల, నీటి ఎద్దడి తట్టుకోవడం కోసం. ఈ రెండింటికీ విటమిన్లతో సంబంధం లేదు.

మూడోది గోల్డెన్ రైస్, ఆ పసుపు బియ్యమే. మనం బంగారు బియ్యం అనుకుందాం. విటమిన్ కోసం ఒక ప్రధాన ఆహార పంటలో బయటి జన్యువులు పెట్టిన వాటిలో అందరికన్నా ముందు పేరు తెచ్చుకున్నది ఇదే. ఇది మన దేశంలో ఏ డిపోలోనూ లేదు, ఏ రైతు పొలంలోనూ లేదు.

వరి గింజలో కెరోటిన్ ఎందుకు ఉండదు

విటమిన్ ఎ తక్కువైతే ముందు రేచీకటి వస్తుంది. తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు, ముదిరితే నల్లగుడ్డు కరిగిపోయి చూపు పోవడం. అంతకన్నా పెద్ద సమస్య బయటికి కనిపించదు. లోపం ఉన్న పిల్లలు తట్టును, విరేచనాలను తట్టుకోలేరు. ప్రపంచంలో ఏటా 2.5 లక్షల నుంచి 5 లక్షల మంది పిల్లలు దీనివల్ల చూపు కోల్పోతారని, వారిలో సగం మంది ఏడాదిలోపే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్లుగా చెబుతున్న అంచనా.

ఈ విటమిన్ నేరుగా దొరికేది పాలు, గుడ్లు, కాలేయం, చేపల్లో. మొక్కల్లో దొరికేది దాని ముడిసరుకు, బీటా కెరోటిన్. దాన్ని మన శరీరం విటమిన్ ఎగా మార్చుకుంటుంది. మునగాకులో, తోటకూరలో, గుమ్మడికాయలో, పండిన సువర్ణరేఖ మామిడిలో ఉండేది అదే. శరీరం తనకు కావలసినంతే మార్చుకుంటుంది కాబట్టి, కూరల ద్వారా ఎంత కెరోటిన్ తిన్నా విటమిన్ ఎ విషంగా మారే ప్రమాదం లేదు.

వరి ఆకులో కెరోటిన్ పుష్కలంగా ఉంది. మనం తినే గింజలోని తెల్లటి భాగంలో మాత్రం లేదు. అక్కడ దాన్ని తయారు చేసే దారిలో కొన్ని మెట్లు పనిచేయవు. పొయ్యి, కట్టెలు, ఎసరు అన్నీ ఉండి అగ్గిపుల్ల ఒక్కటి లేని వంటిల్లు లాంటిదది. రోట్లో దంచుకున్న దంపుడు బియ్యమైనా, ఉప్పుడు బియ్యమైనా, మిల్లులో తెల్లగా పట్టించినా ఈ విషయంలో తేడా రాదు. తవుడులో బి విటమిన్లు, ఐరన్ ఉంటాయి గానీ విటమిన్ ఎ లోటు తీర్చేంత కెరోటిన్ ఉండదు. చోడి (రాగి) అంబలి తాగితే అన్ని లోపాలూ పోతాయని మన వైపు గట్టిగా నమ్ముతారు. చోళ్ళలో కాల్షియం నిజంగానే ఎక్కువ, విటమిన్ ఎ విషయంలో మాత్రం అంబలి మీద ఆశ పెట్టుకోలేం.

మొక్కజొన్నలో, చిలగడదుంపలో పుట్టుకతోనే పసుపు రకాలు ఉన్నాయి. అందుకే వాటిలో మామూలు సంకరణతోనే కెరోటిన్ పెంచగలిగారు. చిలగడదుంపలో అలా వచ్చిన భూ సోన రకం, మొక్కజొన్నలో పూసా వివేక్ క్యూపీఎం 9 ఇంప్రూవ్డ్ రకం మన దేశంలో 2017లోనే ఉన్నాయి. వాటి మీద గొడవ లేదు, కేసులు లేవు. వరిలో గింజ లోపల పసుపున్న రకం ఎక్కడా దొరకలేదు కాబట్టి సంకరణకు పట్టు దొరకలేదు. బయటి జన్యువు దాకా వెళ్లడానికి కారణం అదే.

జ్యూరిక్ నుంచి స్వర్ణ దాకా

స్విట్జర్లాండ్‌లో ఇంగో పోట్రికుస్, జర్మనీలో పీటర్ బేయర్ కలిసి చేసిన పని 2000లో బయటికొచ్చింది. డాఫొడిల్ పువ్వు మొక్క నుంచి ఒక జన్యువు, నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో జన్యువు తీసుకుని వరి గింజలో పనిచేసేలా పెట్టారు. ఆగిపోయిన మెట్లు కదిలాయి, గింజ లేత పసుపు తిరిగింది. కానీ గ్రాముకు కెరోటిన్ 1.6 మైక్రోగ్రాములే. దీంతో లోటు తీరాలంటే పిల్లలు రోజుకు కిలోల కొద్దీ అన్నం తినాలని విమర్శకులు ఎద్దేవా చేశారు. అందులో న్యాయం ఉంది. 2005లో సింజెంటా అనే విత్తన కంపెనీ శాస్త్రవేత్తలు డాఫొడిల్ జన్యువు బదులు మొక్కజొన్న జన్యువు వాడి, మంచి మొక్కల్లో గ్రాముకు 37 మైక్రోగ్రాముల వరకు కెరోటినాయిడ్లు రప్పించారు. తర్వాతి వాదనలన్నీ ఈ రెండో తరం గింజ గురించే జరగాలి. ఇప్పటికీ 2000 నాటి 1.6 అంకెతో వాదించేవాళ్లు ఉన్నారు. 37 అంకెను పొలంలో మామూలుగా వచ్చేదన్నట్టు చెప్పేవాళ్లూ ఉన్నారు. పొలంలో పండించి చూసినప్పుడు వచ్చింది దానికన్నా చాలా తక్కువ.

పేటెంట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదట్లో ఈ పనికి అడ్డం పడగలిగే పేటెంట్లు డెబ్భై దాకా తేలాయి. చివరికి ఏడాదికి 10,000 డాలర్ల లోపు ఆదాయం వచ్చే రైతులు రుసుము లేకుండా పండించి, విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చన్న ఒప్పందం కుదిరింది. బీటీ పత్తి విత్తనానికి ఏటా డబ్బు పెట్టిన రైతు ఇది నమ్మకపోతే తప్పు పట్టలేం గానీ, కాగితం మీద షరతు మాత్రం ఇది.

మనకు ఎక్కువ సంబంధించింది స్వర్ణ కథ. మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంటీయూ 7029 అది. ఉత్తరాంధ్ర కాలువల కింద, ఒడిశా, బెంగాల్‌లలో లక్షల ఎకరాల్లో వేస్తారు. ఢిల్లీ శాస్త్రవేత్తలు బంగారు బియ్యం మొక్కను స్వర్ణతో పదేపదే సంకరం చేసి, కెరోటిన్ ఉన్న స్వర్ణను తయారు చేయాలనుకున్నారు. వచ్చిన మొక్కలు గిడసబారి, ఆకులు పాలిపోయి, కంకి చిన్నదై దిగుబడి పడిపోయింది. కారణం వెతికితే, పెట్టిన జన్యువుల ముక్క వరిలో వేరు పెరుగుదలకు అవసరమైన మరో జన్యువు మధ్యలో వెళ్లి కూర్చుందని తేలింది. 2017లో వాళ్లే ఈ ఫలితాన్ని ప్రచురించారు.

దీన్ని ఒక పక్షం జన్యుమార్పిడి పంటలన్నీ ఇంతే అనడానికి వాడుకుంది. రెండో పక్షం ఇది పాత మొక్క గొడవ అని తీసిపారేసింది. నిజానికి అప్పటి పద్ధతిలో జన్యువు ఎక్కడ దిగుతుందో ముందుగా చెప్పలేం. అందుకే వందల మొక్కలు తయారు చేసి, సరైన చోట దిగిన దాన్నే ఉంచుకుంటారు. స్వర్ణలో పెట్టింది జీఆర్2-ఆర్1 అనే మొక్క. ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్‌లు తర్వాత ఎంచుకున్నది జీఆర్2ఇ అనే వేరే మొక్క, అందులో ఈ దెబ్బ కనబడలేదు. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ వారు కెరోటిన్ జన్యువులను వరిలో తాము ఎంచుకున్న చోటే పెట్టి చూపించారు. అయితే పరికరం జన్యు సవరణదే అయినా, లోపల పెట్టింది బయటి జన్యువే. బయటి జన్యువు లేని కమల లాంటి పంటలకు మన కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఉంది, అలాంటిది దాని కిందికి రాదు.

మూడేళ్ల పిల్ల పళ్లెంలో లెక్క

మూడేళ్ల పిల్లకు రోజుకు సుమారు 400 మైక్రోగ్రాముల విటమిన్ ఎ కావాలి. ఆ పిల్ల రోజుకు 100 గ్రాముల బియ్యంతో వండిన అన్నం తింటుందనుకుందాం. గింజలో గ్రాముకు 4 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉందనుకుంటే మొత్తం 400. నిల్వలో, వంటలో సగం పోయిందనుకుంటే మిగిలింది 200. కెరోటిన్ అంతా విటమిన్‌గా మారదు. అమెరికాలో అయిదుగురు పెద్దవాళ్ల మీద చేసి 2009లో ప్రచురించిన పరీక్షలో బంగారు బియ్యంలోని 3.8 వంతుల కెరోటిన్‌కు ఒక వంతు విటమిన్ వచ్చింది. సులువుకు నాలుగుకు ఒకటి అనుకుంటే పిల్లకు అందేది 50. అవసరంలో ఎనిమిదో వంతు.

ఇప్పుడు అంకెలు మార్చి చూడండి. గింజలో 10 ఉండి, కొత్త బియ్యం కాబట్టి పావు వంతే పోతే 187 అందుతుంది, దాదాపు సగం అవసరం. గింజలో 2 ఉండి, నెలల తరబడి గోదాములో పడి నాలుగో వంతే మిగిలితే 12 అందుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఒకే పేరున్న బియ్యం, ఒకే పిల్ల. మధ్యలో తేడా పదిహేను రెట్లు. బంగారు బియ్యం పనిచేస్తుందని, చేయదని చెప్పేవాళ్లిద్దరూ ఏ అంకె తీసుకున్నారో అడగకుండా నమ్మకూడదు.

అదే పళ్లెంలో గుప్పెడు మునగాకు, పదిహేను గ్రాములు, పప్పులో వేశారనుకుందాం. వంద గ్రాముల మునగాకులో సుమారు 17,000 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉంటుంది కాబట్టి ఇందులో 2,550. వంటలో సగం పోయినా 1,275. ఆకుకూరల్లోని కెరోటిన్ గట్టి నారలో బిగుసుకుని ఉంటుంది కాబట్టి పన్నెండుకు ఒకటే మారుతుందనుకున్నా, 106 అందుతుంది. ఒక గుడ్డు నేరుగా 80 దాకా ఇస్తుంది. డిపో బియ్యంలో తేలే గింజ ఇచ్చేది ఈ లెక్కలో సున్నా.

పిల్లలకు ఆరు నెలలకోసారి చెంచాతో పోసే విటమిన్ ఎ సిరప్ సంగతి వేరే. ఏడాది దాటిన పిల్లకు ఒక మోతాదు 2 లక్షల యూనిట్లు, అంటే 60,000 మైక్రోగ్రాములు. కాలేయం దాన్ని దాచుకుని నెమ్మదిగా వాడుకుంటుంది. రోజుకు 400 చొప్పున చూస్తే 150 రోజులకు సరిపడేంత. ఆరు నెలల వ్యవధి ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది.

ఏ దారిలో వచ్చినా కెరోటిన్‌కు నూనె చుక్క కావాలి. పైన చెప్పిన అమెరికా పరీక్షలో అన్నం వెన్నతో పెట్టారు. చారు, మజ్జిగలతో ముగించే అన్నంలో అంత రాదు.

పురిలో ధాన్యం, గోదాములో బియ్యం

ఈ లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ ఊగేది నిల్వ. కెరోటిన్‌కు గాలి, వేడి, వెలుతురు పడవు. పొట్టుతో ఉన్న ధాన్యంలో కాస్త నెమ్మదిగా, పాలిష్ పట్టిన బియ్యంలో త్వరగా తగ్గుతుంది. సంక్రాంతికి ముందు నూర్చిన ధాన్యాన్ని పురిలోనో బస్తాల్లోనో దాచుకుని, కావలసినప్పుడు మిల్లుకు తీసుకెళ్లే రైతు ఇంట్లో పరిస్థితి కొంత నయం. కానీ విటమిన్ లోటు ఎక్కువగా ఉండేది సొంత ధాన్యం లేని ఇళ్లలో. వాళ్లు తినేది డిపో బియ్యం. పొలం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి మిల్లుకు, పాలిష్ అయ్యాక గోదాముకు, ఆ తర్వాత ఎప్పటికో డిపోకు. సీతంపేట, భామిని వైపు కొండ గూడేలకు చేరేసరికి ఇంకా ఆలస్యం. ఎవరికోసం ఈ గింజ తయారైందో వాళ్ల దగ్గరికి చేరే దారే కెరోటిన్‌కు అన్నిటికన్నా కష్టమైన దారి. దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం. జన్యువు సురక్షితమా కాదా అన్న వాదనే అంతా మింగేసింది.

ఇంకో చిక్కు రంగుది. ధాన్యం కొనేటప్పుడు తేమ 17 శాతం దాటిందా, రంగు మారిన గింజ ఎంత ఉందని చూస్తారు. తుపానుకు తడిసి పసుపెక్కిన గింజకు ధర కోయించుకున్న అనుభవం మన రైతులకు బాగా ఉంది. గింజ పుట్టుకతోనే పసుపైతే దానికి వేరే కొనుగోలు, వేరే మిల్లింగు, వేరే బస్తా పెట్టాలి. లేకపోతే అటు బంగారు బియ్యం విలువా ఉండదు, ఇటు తెల్ల బియ్యం ధరా రాదు.

రెండు పక్షాల్లో బలమేమిటి

సమర్థించేవాళ్ల వాదనలో గట్టి ముక్క ఖర్చు గురించి. సిరప్ ఏటా కొనాలి, కార్యకర్త ఏటా ఇల్లిల్లూ తిరగాలి. విత్తనం ఒకసారి ఊళ్లోకి వస్తే దానంతటదే తిరుగుతుంది. ఆకుకూర తినమని డెబ్భై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాం కదా అని వాళ్లు అడుగుతారు. 2016లో వందమందికి పైగా నోబెల్ గ్రహీతలు పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ వ్యతిరేకతను తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. ఆస్ట్రేలియా-న్యూజిలాండ్, కెనడా, అమెరికా ఆహార నియంత్రణ సంస్థలు 2017, 2018లలో ఈ బియ్యం తినడానికి సురక్షితమేనని తేల్చాయి. అయితే అమెరికా సంస్థ, అక్కడివాళ్లు తినే బియ్యం మోతాదులో ఇందులోని కెరోటిన్ పోషక విలువ చాటుకోవడానికి చాలదని కూడా చెప్పింది. మొదటి ముక్కను సమర్థించేవాళ్లు, రెండో ముక్కను వ్యతిరేకించేవాళ్లు పంచుకున్నారు.

వ్యతిరేకించేవాళ్లలో అందరూ ఒకే మాట చెప్పరు. బియ్యం మీదే ఆధారపడ్డ పళ్లెం అసలు రోగమని, దానికి ఇంకో బియ్యం మందు కాదని పోషకాహార నిపుణులు కొందరంటారు. వరి ఎక్కువగా స్వపరాగ సంపర్క పంట, పక్క పొలంలోకి పుప్పొడి వెళ్లేది తక్కువ. అయినా విత్తనం బస్తాల్లో, మిల్లుల్లో కలిసిపోతే విడదీయలేమని విత్తనాల మీద పనిచేసేవాళ్లంటారు. ఇది నాకు తీసిపారేయాల్సిన మాటగా అనిపించదు. నమ్మకం దెబ్బతినడంలో శాస్త్రవేత్తల పాత్ర కూడా ఉంది. చైనాలో పిల్లలకు బంగారు బియ్యం పెట్టి చేసిన పరీక్ష 2012లో అచ్చయి, తల్లిదండ్రులకు సంగతి సరిగ్గా చెప్పి ఒప్పుకోలు తీసుకోలేదని 2015లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది.

అసలు లోటు ఇప్పుడెంత అన్నది కూడా వాదనే. 2016-18లో జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 18 శాతం మందికి, 5 నుంచి 9 ఏళ్ల వారిలో 22 శాతం మందికి విటమిన్ ఎ లోపం కనిపించింది. 20 శాతం దాటితే తీవ్ర సమస్య అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత. గీతకు ఇటొకటి, అటొకటి. అందుకే సిరప్ అందరికీ పోయాలా, కొన్ని ప్రాంతాలకేనా అని కూడా నిపుణులు తర్జనభర్జన పడుతున్నారు. గమనిస్తే సిరప్ అయిదేళ్లతో ఆగిపోతుంది, లోపం ఆ తర్వాతి వయసులో ఎక్కువగా కనబడింది.

ఇప్పుడు ఎక్కడ ఆగింది

ఫిలిప్పీన్స్ 2021 జూలైలో సాగుకు అనుమతి ఇచ్చింది, ప్రపంచంలో మొదటి దేశం అదే. 2024 ఏప్రిల్‌లో అక్కడి అప్పీళ్ల కోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. హాని జరిగిందని కోర్టు తేల్చలేదు. భద్రత గురించి శాస్త్రీయంగా పూర్తి స్పష్టత లేనప్పుడు జాగ్రత్త వైపే మొగ్గాలన్న సూత్రాన్ని పట్టుకుంది. బంగ్లాదేశ్ పరిశోధన సంస్థ 2017లో దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసింది.

మన దేశంలో సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయకు 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బ్రేకు వేశారు, అభ్యంతరం చెప్పిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. జన్యుమార్పిడి ఆవాల మీద 2024 జూలైలో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. దీనికి భిన్నంగా, బయటి జన్యువు లేని సవరణ పంటలకు 2022 మార్చిలో కేంద్రం ఈ కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. కమల అంత త్వరగా రాగలిగింది అందువల్లే.

బయటి జన్యువు ఉంది కాబట్టి బంగారు బియ్యానికి ఆ దారి లేదు. ఎవరైనా దాన్ని మన రకాల్లోకి, స్వర్ణలోకో రాగోలు నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాల్లోకో ఎక్కించి పొలంలో పరీక్షించాలంటే, కేంద్ర జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ అనుమతితో పాటు రాష్ట్ర ప్రభుత్వం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. ఆ దరఖాస్తు వచ్చిన రోజున జన్యువు గురించిన ప్రశ్నలతో పాటు, ఆరు నెలలు గోదాములో ఉన్నాక గ్రాముకు ఎంత కెరోటిన్ మిగులుతుందో కూడా అడగాలి.